ఖిలా మైదానం, నాలుగు రోడ్లు, త్రాసు: బెల్‌గ్రేడ్ వీధుల మీద ఒక ప్రసంగం

అందరికీ నమస్కారం. ఇంత వానలో కూడా ఇంతమంది వచ్చారు, చాలా సంతోషం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకు వచ్చి చాప మీద కూర్చోండి. దగ్గరగా ఉంటే బొమ్మలు కూడా బాగా కనిపిస్తాయి.

నేను ఆర్కిటెక్ట్‌ని. మాది వరంగల్. పని మీద బెల్‌గ్రేడ్ వెళ్ళి మూడేళ్ళు అక్కడే ఉన్నాను. అది సెర్బియా రాజధాని. వాళ్ళు బెయోగ్రాద్ అంటారు, తెల్ల ఊరు అని అర్థం. సావా నది వచ్చి డాన్యూబ్‌లో కలిసే చోట ఒక గుట్ట, గుట్ట మీద కోట, కోట వెనక ఊరు. 2022 జనాభా లెక్కల్లో దాదాపు 16.8 లక్షల మంది ఉన్నారు.

ఆ ఊళ్ళో భవనాలు ఎన్నోసార్లు కూలాయి. నలభైకి పైగా యుద్ధాల్లో నేలమట్టమైందని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. ఆ లెక్క పక్కన పెట్టి 20వ శతాబ్దం ఒక్కటే చూద్దాం. 1914లో ఆస్ట్రియా–హంగరీ ఫిరంగులు, 1941 ఏప్రిల్ 6న జర్మన్ విమానాలు, 1944లో ఈస్టర్ పండుగ రోజు మిత్రరాజ్యాల విమానాలు, 1999లో నేటో విమానాలు. అయినా ఒకప్పుడు మనుషులు నడిచిన దారుల్లోనే ఇవాళా నడుస్తున్నారు, ఒకప్పుడు కలుసుకున్న మూలల్లోనే కలుసుకుంటున్నారు. ఇళ్ళు పోయినచోట వీధి ఎలా మిగిలింది? నేను అక్కడున్నన్నాళ్ళూ దీన్ని గురించే ఆలోచించాను. ఇవాళ మీతో చెప్పాలనుకున్నదీ ఇదే.

ముందు పేర్లతో మొదలుపెడతాను. మొదటి వారం మ్యాప్ చేతిలో పట్టుకుని తిరుగుతున్నాను. కోట ఉన్న పార్కు పేరు కలెమెగ్దాన్. ఏదో స్లావ్ మాట అనుకున్నాను. ఒక రోజు మా ఇంటి ఓనరమ్మ విడదీసి చెప్పింది. కలె అంటే కోట, మెగ్దాన్ అంటే మైదానం, రెండూ టర్కీ వాళ్ళ నుంచి వచ్చాయని. నాకు ఒళ్ళు జలదరించింది. మా ఊళ్ళో కోట ఉన్న పేటని ఖిలా వరంగల్ అంటాం. ఆ ఖిలాయే ఈ కలె. మెగ్దాన్ మన మైదానమే. అంటే నేను నిలబడ్డది ఖిలా మైదానంలో!

ఆ రోజు నుంచి ఊరంతా వేరేగా వినపడటం మొదలైంది. నేనున్న పేట దోర్చోల్. టర్కీ భాషలో దోర్త్ అంటే నాలుగు, యోల్ అంటే దారి. మన ఊళ్ళల్లో నాలుగు రోడ్ల కూడలి అంటామే, అచ్చంగా అదే. ఊరి నడిబొడ్డు చౌరస్తా పేరు తెరాజియే. అది మన త్రాసే, తెలంగాణలో తరాజు అంటామే, అదే. ఒకప్పుడు ఊరి బయటి నుంచి గొట్టాల్లో నీళ్ళు తెచ్చేటప్పుడు ఒత్తిడి సరిచూడటానికి దారిలో ఎత్తైన నీటి బురుజులు కట్టేవాళ్ళు. వాటిని నీటి త్రాసులు అనేవాళ్ళు. బురుజులు ఎప్పుడో పోయాయి, త్రాసు అన్న పేరు మాత్రం అక్కడే ఉంది. వీధి కుళాయిని చెస్మా అంటారు. ఉర్దూలో చష్మా అంటే నీటి ఊట కదా. జేబుని జెప్ అంటారు. చక్కెరని షెచెర్ అంటారు. పాతకాలం వాళ్ళు కొట్టుని దుచాన్ అనేవాళ్ళు, మన దుకాణం. అరబ్బీ, పారసీ మాటలు గోల్కొండ దాకా ఒక దారిలో వచ్చాయి, ఇంకో దారిలో ఇస్తాంబుల్ మీదుగా డాన్యూబ్ ఒడ్డుకి చేరాయి. ఎక్కడో దూరదేశంలో జేబు అన్నమాట వినపడితే ఎంత ధైర్యంగా ఉంటుందో, ఇల్లు వదిలి వెళ్ళినవాళ్ళకి తెలుస్తుంది.

టర్కీ వాళ్ళు ఈ ఊరిని 1521లో గెలిచారు. మధ్యలో ఆస్ట్రియా వాళ్ళు మూడుసార్లు లాక్కున్నా, మళ్ళీ తిరిగి తీసుకున్నారు. 1867లో కోట తాళాలు సెర్బియా రాజు మిహాయిలోకి అప్పగించి వెళ్ళిపోయారు. మూడున్నర శతాబ్దాల పాలనకి గుర్తుగా ఊళ్ళో ఎన్ని కట్టడాలున్నాయి? చాలా తక్కువ. డజన్ల కొద్దీ ఉన్న మసీదుల్లో ఇవాళ నిలిచింది దోర్చోల్‌లోని బైరాక్లి మసీదు ఒక్కటే. 16వ శతాబ్దంలో కట్టింది. నమాజు వేళ అయిందని మిగతా మసీదులకి తెలిసేలా దాని మీద జెండా ఎగరేసేవాళ్ళట, బైరాక్ అంటే జెండా. మిగతా మసీదులేవి? కొన్ని కూలాయి, కొన్ని కూల్చారు. రాళ్ళు తీసేయడం తేలిక. రోజూ పదిమంది నోట్లో నలిగే పేరుని తీసేయడం అంత తేలిక కాదు.

అదే 1867లో ఎమిలియాన్ యోసిమోవిచ్ అనే లెక్కల ప్రొఫెసర్ ఊరికి మొదటి ప్లాన్ గీశాడు. అప్పటిదాకా వంకర్లు తిరిగే సందులు, చుట్టూ కందకం. సందులు సరిచేసి తిన్నని వీధులు వేద్దాం, కందకం ఉన్న మేరంతా చెట్లు పెంచి పార్కులు చేద్దాం అన్నాడు. ఆయన గీతల మీదే ఇవాళ్టి పాత ఊరు చాలావరకు నడుస్తోంది. మధ్యలో పెద్ద వీధి క్నెజ్ మిహాయిలోవా, మిహాయిలో రాజుగారి వీధి. ఆయన గీసిన తిన్నని గీత కింద ఇంకో పాత గీత ఉంది. రోమన్ల కాలంలో ఈ ఊరి పేరు సింగిదునుమ్. వాళ్ళ ప్రధాన వీధి కూడా దాదాపు ఇదే దారిన వెళ్ళేది. ఈ వీధి చివర ఊరి గ్రంథాలయం ఉంది. 1869 నాటి పాత హోటల్ భవనం అది. దాని నేలమాళిగలోకి దిగితే రోమన్ల కట్టడాల శిథిలాలు కనిపిస్తాయి. పైన పుస్తకాల బీరువాలు, కింద రోమన్ల గోడలు. మనం ఇప్పుడు గ్రంథాలయంలోనే కూర్చున్నాం కాబట్టి ఈ సంగతి చెప్పకుండా ఉండలేకపోయాను.

1987లో ఆ వీధిలోకి కార్లు రానివ్వడం ఆపేశారు. ఇప్పుడు మనుషులే. మధ్యాహ్నం స్కూలు పిల్లలు, సాయంత్రం షికారు వచ్చే కుటుంబాలు. చలికాలంలో చెస్ట్‌నట్లు కాల్చి కాగితం పొట్లంలో పోసి అమ్ముతారు, మన దగ్గర వేయించిన వేరుశనక్కాయలు అమ్మినట్టు. ఎండాకాలంలో మొక్కజొన్న కంకులు. ఒక మూల అకార్డియన్ వాయించే పెద్దాయన. వీధి దాటి ఖిలా మైదానంలోకి వెళ్తే బెంచీల మీద చదరంగం ఆడే తాతలు, ఆడేవాళ్ళ కంటే చుట్టూ నిలబడి సలహాలు చెప్పేవాళ్ళు ఎక్కువ. ఆ గుట్ట చివర నుంచి చూస్తే రెండు నదులు కలిసే చోటు కాళ్ళ కింద ఉంటుంది. సూర్యాస్తమయం వేళ కోట గోడల మీద కాళ్ళు వేలాడేసుకుని కుర్రకారు వరసగా కూర్చుంటారు. అక్కడ కూర్చోవడానికి టికెట్ లేదు, ఏమీ కొననక్కర్లేదు. ఊరు మొత్తంలో అన్నిటికంటే అందమైన చోటు, అందరికీ ఉచితంగా. ఇది చిన్న విషయం అనుకోకండి.

వీధి ఇంకో చివర రిపబ్లిక్ చౌక్. అక్కడ మిహాయిలో రాజు గుర్రం మీద ఉన్న కంచు విగ్రహం ఉంది. ఎన్రికో పాజ్జి అనే ఇటలీ శిల్పి చేశాడు, 1882లో పెట్టారు. ఎవరైనా ఎవరినైనా కలవాలంటే ఒకటే మాట, "కోద్ కోంయా". గుర్రం దగ్గర అని. రాజు పేరు ఎత్తరు, విగ్రహం అనరు, గుర్రం దగ్గర ఆరింటికి అంటారు. వారంలో ఏ రోజు సాయంత్రం వెళ్ళినా ఆ గుర్రం కింద ఒక పాతికమంది ఎవరికోసమో ఎదురుచూస్తూ ఉంటారు. మాది మొదటి పరిచయం అక్కడే అని చెప్పిన దంపతులు నాకే ముగ్గురు నలుగురు తెలుసు.

ఇప్పుడు కఫానా. ఇది కొంచెం ఎక్కువసేపు చెప్తాను, ఎందుకంటే ఇది తెలియకపోతే బెల్‌గ్రేడ్ తెలియదు. మన దవాఖానా, కార్ఖానాలో ఉన్న ఖానాయే ఇందులోనూ ఉంది. కాఫీఖానా నలిగి నలిగి కఫానా అయింది. కాఫీ తాగొచ్చు, భోజనం చేయొచ్చు, రకియా అనే పళ్ళ సారాయి తాగొచ్చు. ఎర్రగళ్ళ బల్లగుడ్డలు. ఒక కప్పు కాఫీ చెప్పి మూడు గంటలు కూర్చున్నా ఎవరూ లేవమనరు. వీధిలో కొంత భాగం లోపలికి వచ్చి కూర్చున్నట్టు ఉంటుంది. ఒక కఫానాకి పేరు ఎలా వచ్చిందో ఆ కథ మీకు చెప్పాలి.

ఈ బొమ్మ చూడండి. క్రల్యా పెత్రా వీధిలో, పెద్ద చర్చికి ఎదురుగా ఉన్న ఇల్లు. 1823లో కట్టారు. మిద్దె భాగం కొంచెం వీధి మీదికి పొడుచుకు వచ్చి ఉంది కదా, టర్కీ కాలపు కట్టుబడి అది. దీన్ని కఫానా చేశాక ఎదురుగా చర్చి ఉంది కదా అని 1892లో ఓనరు "చర్చి దగ్గర" అని బోర్డు పెట్టాడు. సారాయి అమ్మే చోటికి చర్చి పేరేంటి అని చర్చి వాళ్ళు అభ్యంతరం చెప్పారు. వేరే పేరు దొరికేదాకా ఉండనీ అని ఆయన బోర్డు మీద ఒక ప్రశ్నార్థకం గీసి పెట్టాడు. 130 ఏళ్ళు దాటింది. ఇవాళ్టికీ ఆ కఫానా పేరు ప్రశ్నార్థకమే. బోర్డు మీద ఆ గుర్తు తప్ప ఇంకేం లేదు. లోపల నేలకి దగ్గరగా ఉండే పొట్టి పీటలు, పొట్టి బల్లలు.

ఇంకో విశేషం. ఊళ్ళో సగం కూడళ్ళకి కఫానాల పేర్లే. లండన్ అనే కూడలి ఉంది, అక్కడ ఒకప్పుడు లండన్ అనే కఫానా ఉండేది, దాన్ని కూల్చి దశాబ్దాలైంది. ట్యాక్సీ ఆయనకి లండన్ దగ్గర ఆపమంటే ఆపుతాడు. జెలెని వెనాత్స్ అంటే పచ్చని దండ. అలాంటి దండ బొమ్మ ఉన్న కఫానా పేరు అక్కడి మార్కెట్‌కీ, బస్టాండ్‌కీ వచ్చింది. 1939లో తెరాజియే పక్కన ఆగ్నేయ ఐరోపాకంతటికీ మొదటి ఆకాశహర్మ్యం కట్టారు. అంతకుముందు అక్కడ చిన్న పెంకుటింట్లో అల్బానియా అనే కఫానా ఉండేది. దాన్ని పడగొట్టి అంత పెద్ద మేడ కట్టి, దానికి కఫానా పేరే పెట్టారు. అల్బానియా భవనం. జెరామ్ అని ఇంకో మార్కెట్ ఉంది. జెరామ్ అంటే ఏతం. ఊరికి నీళ్ళు తోడిన ఏతం పోయి ఎంతకాలమైందో, కూరగాయలు కొనడానికి ఏతం దగ్గరికే వెళ్తున్నారు.

అందుకే నాకు అనిపించింది, వీధిని నిలబెట్టేది వీధి మీదికి తెరిచి ఉన్న కింది అంతస్తు అని. దోర్చోల్‌లో త్సారా దుషానా వీధి 10వ నంబరు ఇల్లు 1720లలో ఆస్ట్రియా వాళ్ళ పాలనలో కట్టింది. ఊళ్ళో నిలిచి ఉన్న ఇళ్ళలో అన్నిటికంటే పాతది. మీరు పెద్ద బోర్డు, గేటు, కాపలా ఉంటాయనుకుంటారు. నేను వెళ్ళేటప్పటికి దాని కింద బేకరీ నడుస్తోంది. పొద్దున్నే బ్రెడ్డు కోసం, బురెక్ కోసం జనం. బురెక్ అంటే పలచని పిండి పొరల మధ్య జున్నో మాంసమో పెట్టి కాల్చేది, పక్కన గ్లాసులో చిక్కని మజ్జిగలాంటి పెరుగు. మూడువందల ఏళ్ళ గోడ ముందు నిలబడి చేతికి నూనె అంటుకుంటుండగా టిఫిన్ తిన్నాను. ఆ గోడ ఇంకా ఎందుకు నిలబడి ఉందో అప్పుడు అర్థమైంది.

నేనున్నది 1930లలో కట్టిన అపార్ట్‌మెంట్. పాత ఊళ్ళో ఎక్కువ ఇళ్ళు అలాంటివే. ఐదారు అంతస్తులు, ఒకదానికొకటి ఆనుకుని, వీధి అంచునే గోడ. మధ్యలో ఒక దారి లోపలి పెరట్లోకి వెళ్తుంది. ఇద్దరు పడితే ముగ్గురు పట్టని లిఫ్ట్. కిటికీలకి పైనుంచి కిందికి దింపే చెక్క తెరలు. మెట్ల మీద ఎదురుపడితే అందరూ దోబర్ దాన్ అంటారు, మన నమస్తే లాగా. పక్కింటివాళ్ళని పేరు పెట్టి పిలవరు. మగవారైతే కొమ్షియా, ఆడవారైతే కొమ్షినిత్సే. ఇరుగుపొరుగు అన్న మాటే ఒక వరస. మనం పిన్నిగారూ, బాబాయిగారూ అంటామే, వాళ్ళకి పొరుగే ఒక బంధుత్వం. నన్ను కూడా రెండో వారం నుంచి కొమ్షినిత్సే అన్నారు. నాకు ఆ మాట అంటే ఇప్పటికీ ప్రాణం.

గుమ్మం తలుపు మీద అప్పుడప్పుడు నల్ల అంచు కాగితం కనిపించేది. ఆ భవనంలో ఎవరైనా చనిపోతే ఫోటో, పేరు, అంత్యక్రియల వేళ రాసి తలుపుకి అంటిస్తారు. మన దగ్గర శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కడతారు కదా, అక్కడ ఇంత చిన్న కాగితం. మా కింది అంతస్తులో ఒక పెద్దావిడ రోజూ కిటికీలో మోచేతులు ఆనించి వీధి చూస్తూ ఉండేది. ఒక రోజు ఆవిడ ఫోటో తలుపు మీద చూశాను. ఆ కిటికీ తెర నెలరోజులు దింపే ఉంది. ఆ నెలంతా మా వీధికి ఏదో తక్కువైనట్టు ఉండేది. ఎవరో ఒకరు చూస్తూ ఉండటమే వీధికి కాపలా.

సెప్టెంబరు వస్తే ఊరి వాసనే మారిపోతుంది. ఎర్రటి పొడుగాటి తియ్య మిరపకాయలు, మన కారం మిరప కాదు, మార్కెట్లో బస్తాలు బస్తాలుగా వస్తాయి. కలెనిచ్ మార్కెట్, జెలెని వెనాత్స్ మార్కెట్, ఎక్కడ చూసినా ఎరుపే. ఒక్కో ఇంటివాళ్ళు పదీ ఇరవై కిలోలు కొంటారు. పెరట్లో రేకు పొయ్యి వెలిగించి, కాయలు నల్లగా కాల్చి, తొక్క ఒలిచి, రుబ్బి, నూనె పోసి గంటలకొద్దీ కలియబెడితే ఐవార్ అనే పచ్చడి తయారవుతుంది. ఏడాదంతా తింటారు. అపార్ట్‌మెంట్ వాళ్ళు బాల్కనీల్లోనే కాలుస్తారు. మన ఇళ్ళల్లో మే నెలలో ఆవకాయ పెట్టినంత హడావిడి. ఎవరి పచ్చడి బాగుందో వాదనలు, గాజు సీసాలు అటూ ఇటూ మారడం, అన్నీ అవే. ఆ మార్కెట్లలో పచ్చిమీగడ లాంటి కైమాక్‌ని వేలితో రుచి చూపించి అమ్మే పల్లెటూరి ఆడవాళ్ళు ఉంటారు. తూకం మీద అనుమానం ఉంటే మార్కెట్‌వాళ్ళే పెట్టిన కాంటా ఒకటి ఉంటుంది, అక్కడ మళ్ళీ తూచుకోవచ్చు.

ఇక నది అవతలి ఒడ్డు. ఈ బొమ్మ మళ్ళీ వెనక్కి ఒకసారి... ఆ, అదే. కొత్త బెల్‌గ్రేడ్. 1948 ఏప్రిల్‌లో మొదలుపెట్టారు. అంతకుముందు అది చిత్తడి నేల, సామ్రాజ్యాల సరిహద్దు. అవతల ఉన్న జెమున్ అనే ఊరు 1918 దాకా ఆస్ట్రియా–హంగరీది. ఇసుక నింపి నేల ఎత్తు చేశారు, యువజన దళాలు పారలు పట్టుకుని పని చేశాయి. వీధికి పేరు కాకుండా బ్లాక్‌కి నంబరు. మీ ఇల్లెక్కడ అంటే బ్లోక్ 45, బ్లోక్ 70 అంటారు. ఆ కాలంలో ప్రపంచమంతటా ఆర్కిటెక్టుల్లో ఒక ఆలోచన ఉండేది. పాత వీధి ఇరుకు, దుమ్ము, రోగం, కాబట్టి అసలు వీధే వద్దు. పెద్ద మేడలు దూరదూరంగా, మధ్యలో గడ్డి, సూర్యుడు, గాలి అని. కొత్త బెల్‌గ్రేడ్ ఆ ఆలోచనతో కట్టింది. బ్రాంకో జెజెల్య్ అనే ఇంజినీరు 1957లో తయారుచేసిన పద్ధతిలో స్తంభాలు, పలకలు ముందే పోసి తెచ్చి ఉక్కు తీగలతో బిగించి వేల ఫ్లాట్లు కట్టారు. 1977లో మిహాయిలో మిత్రోవిచ్ కట్టిన జంట మేడలు, పైన వంతెన, ఎయిర్‌పోర్టు నుంచి వస్తుంటే ఊరి గుమ్మంలా కనిపిస్తాయి.

నిజం చెప్పాలంటే మొదటిసారి వెళ్ళినప్పుడు నాకు నచ్చలేదు. దూరాలు పెద్దవి, గోడలు బూడిద రంగు. తర్వాత బ్లోక్ 45లో ఉన్న ఒక సహోద్యోగి ఇంటికి ప్రతి శనివారం వెళ్ళడం మొదలుపెట్టాక నా అభిప్రాయం మారింది. చెట్లు మేడల కంటే ముదిరాయి. పిల్లలు రోడ్డు దాటకుండా స్కూలుకి వెళ్తారు. సావా ఒడ్డున పొడుగ్గా నడకదారి. బాల్కనీలకి అద్దాలు బిగించి గదులు చేసుకున్నారు, మన అపార్ట్‌మెంట్లలో గ్రిల్లులు బిగించినట్టే. బ్లోక్ 70లో చైనా వ్యాపారుల బజారు వెలిసింది. ప్లాన్‌లో వీధి లేదు, మనుషులు తెచ్చి పెట్టుకున్నారు. ఆర్కిటెక్టుగా ఇది నాకు పెద్ద పాఠం.

అన్నట్టు, ఆ బ్లాకుల్లో నెహ్రూ వీధి ఉంది, గాంధీ వీధి ఉంది. 1961 సెప్టెంబరులో అలీనదేశాల మొదటి మహాసభ బెల్‌గ్రేడ్‌లోనే జరిగింది. నెహ్రూ వెళ్ళారు. నదుల సంగమం దగ్గర స్నేహ ఉద్యానవనంలో మొక్క నాటారు. నెహ్రూ వీధిలో నెహ్రూ ఎవరో తెలుసా అని ఒక పెద్దాయన్ని అడిగితే, ఆ రోజుల్లో చిన్నపిల్లాడిగా జెండా ఊపాను అన్నాడు.

శిథిలాల గురించి కూడా చెప్పాలి, త్వరగా చెప్తాను, నాకు కష్టమైన భాగం. కొసాన్చిచెవ్ వెనాత్స్ అనే గుండ్రటి రాళ్ళు పరిచిన పాత వీధిలో ఒక ఖాళీ గొయ్యి ఉంది, చుట్టూ కంచె. అక్కడ జాతీయ గ్రంథాలయం ఉండేది. 1941 ఏప్రిల్ 6న బాంబులు పడి సుమారు మూడున్నర లక్షల పుస్తకాలు, మధ్యయుగాల రాతప్రతులు కాలిపోయాయి. ఆ చోట మళ్ళీ ఏమీ కట్టలేదు. ఇంకొకటి, సైనిక ప్రధాన కార్యాలయం. నికోలా దోబ్రోవిచ్ కట్టాడు, 1965కి పూర్తయింది. వీధికి అటూ ఇటూ రెండు భవనాలు మెట్లు మెట్లుగా ఒకదానికొకటి ఎదురుగా, మధ్యలో వీధి లోయలా. 1999లో బాంబులు పడ్డాయి. చీలిన గోడలు, వేలాడే ఇనుము అలాగే ఉండగా పక్కనుంచే బస్సులు వెళ్తుండేవి. 2024 నవంబరులో ప్రభుత్వం దాని రక్షణ హోదా తీసేసింది. ఆర్కిటెక్టులు, మామూలు జనం రోడ్డెక్కారు. ఒక ఆర్కిటెక్టుగా నా మాట: దాన్ని నిలబెట్టాలి. ఆ వీధి మీద నడిచేవాళ్ళకి ఆ చీలిక చెప్పేది ఏ ఫలకం మీదా రాయలేం.

సావా ఒడ్డున పాత రైల్వే స్టేషన్ ఉంది, 1884 నాటిది, 2018లో రైళ్ళు ఆపేశారు. దాని వెనక ఇప్పుడు గాజు మేడలు. దానికోసం 2016 ఏప్రిల్‌లో ఒక రాత్రి ముసుగులు వేసుకున్నవాళ్ళు వచ్చి సావామాలా పేటలో ఇళ్ళూ కొట్లూ బుల్డోజర్లతో కూల్చేశారు. జనం పెద్ద పసుపు బాతు బొమ్మ పట్టుకుని ఊరేగింపులు చేశారు. ఆ మేడల కింద నేను చాలాసార్లు నడిచాను. శుభ్రంగా ఉంటుంది, పిల్లల ఆటస్థలం బాగుంది. అయితే నా మూడేళ్ళలో అక్కడ ఎవరూ కిటికీలో మోచేతులు ఆనించి కూర్చోగా చూడలేదు.

వీధి ఆ ఊళ్ళో నోరు కూడా. 1990లలో ఆంక్షలు, ధరల పెరుగుదల. 50,000 కోట్ల దినార్ల నోటు అచ్చువేసిన దేశం అది. ప్లాస్టిక్ సీసాల్లో పెట్రోలు వీధి పక్కన అమ్మేవాళ్ళట. 1996–97 చలికాలంలో ఎన్నికల ఫలితాలు మార్చారని మూడు నెలలు రోజూ నడిచారు. సాయంత్రం ఏడున్నరకి ప్రభుత్వ టీవీ వార్తలు మొదలవగానే కిటికీల్లో నిలబడి గిన్నెలూ మూకుళ్ళూ మోగించేవాళ్ళు, వార్తలు వినపడకుండా. 2024 నవంబరు 1న నోవి సాద్ ఊళ్ళో రైల్వే స్టేషన్ ముందు పందిరి కూలింది. చనిపోయినవాళ్ళు చివరికి 16 మంది. తర్వాత దేశమంతటా కూడళ్ళలో, కూలిన వేళ 11 గంటల 52 నిమిషాలకి, పోయిన ఒక్కొక్కరికీ ఒక నిమిషం చొప్పున జనం మౌనంగా నిలబడ్డారు. కార్లు ఆగిపోయాయి. ఆ వీడియోలు నేను ఇక్కడ హైదరాబాద్‌లో కూర్చుని చూశాను. అందులో మా నాలుగు రోడ్ల కూడలి గుర్తుపట్టాను. బేకరీ ఆయన కూడా ఆప్రాన్‌తోనే బయటికి వచ్చి నిలబడ్డాడు.

మీలో ఎవరో ఇందాక అడిగారు, వెళ్తే ముందు ఏం చూడాలని. మీకు ఒక్క రోజే ఉంటే ట్రామ్ ఎక్కండి. 1892లో గుర్రాలు లాగే ట్రాములు, రెండేళ్ళకే కరెంటు ట్రాములు వచ్చిన ఊరు అది. మెట్రో ఇప్పటికీ లేదు, 2021లో పని మొదలుపెట్టారు. 2 నంబరు ట్రామ్ పాత ఊరి చుట్టూ తిరుగుతుంది. రెండో నంబరు వలయం అంటే ఊరి నడిబొడ్డు అని అర్థం. 2025 జనవరి 1 నుంచి బస్సులు, ట్రాములు అన్నీ ఉచితం, టికెట్ అక్కర్లేదు. బోర్డులు రెండు లిపుల్లో ఉంటాయి, సిరిలిక్, లాటిన్. కంగారు పడకండి. వుక్ కరాజిచ్ అనే పండితుడు 19వ శతాబ్దంలో వాళ్ళ లిపిని సంస్కరించాడు, పలికినట్టే రాయి, రాసినట్టే చదువు అన్న నియమంతో. తెలుగు చదివేవాళ్ళకి అది వారం రోజుల పని. కోట దగ్గర దిగండి, క్నెజ్ మిహాయిలోవాలో నడవండి, ఆకలేస్తే ప్రశ్నార్థకంలోకి వెళ్ళండి. ఎవరైనా తెలిసినవాళ్ళు ఉంటే గుర్రం దగ్గర కలుస్తామని చెప్పండి.

ప్రశ్నలుంటే అడగండి. మైకు ఆ వెనక వరసకి అందించండి, ఆ పెద్దాయన చాలాసేపటి నుంచి చెయ్యెత్తి ఉన్నారు.